గుడ్‌ల్యాండ్ వైపు బండి తీసుకెళ్ళేవారికి: ఈ సీజన్‌లో మేం మార్చినవి, ఎందుకు మార్చామన్నది

డెన్వర్ పక్కన అరోరాలో మా దగ్గర ఆర్వీ (లోపలే వంటిల్లు, పడకలు ఉండే బండి) అద్దెకు తీసుకునేవాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కువగా పడమటికే, కొండల్లోకే వెళ్ళేవారు. ఈ ఏడాది తూర్పు వైపు బుకింగులు పెరిగాయి. ఐ-70 హైవే మీద బర్లింగ్టన్, అది దాటితే కాన్సస్‌లో గుడ్‌ల్యాండ్, ఇంకా ముందుకెళ్తే ఓక్లీ. పొద్దుతిరుగుడు చేలు చూడాలని కొందరు, కాన్సస్ సిటీ నుంచి వచ్చే చుట్టాలను దారిలో కలుసుకుందామని కొందరు. మాకు సంతోషమే. కాకపోతే బళ్ళు తిరిగొచ్చిన తీరు చూశాక తప్పు మీది కాదు, మాది అని తేలింది. తాళాలతో పాటు మేమిచ్చే సూచనల కాగితం కొండల కోసం రాసింది. పల్లం దిగేటప్పుడు గేరు, బ్రేకులు వేడెక్కడం, ఎలుగుబంట్లు. గుడ్‌ల్యాండ్‌లో వీటిలో ఒక్కటీ లేదు. అక్కడున్నది గాలి, ఎండ, దుమ్ము. అందుకే కాగితం మళ్ళీ రాశాం, బళ్ళలో కొన్ని మార్చాం, రెండు రూల్సు కఠినం చేశాం.

మొదటిది ఆనింగ్, అంటే బండి పక్కన నీడకు చాచే గుడ్డ పందిరి. గుడ్‌ల్యాండ్ వైపు వెళ్ళే బళ్ళకు ఇకమీద ఆనింగ్ ఫ్యూజు తీసేసి ఇస్తాం. కొందరికి ఇది నచ్చదని తెలుసు. కానీ అక్కడ మధ్యాహ్నం మబ్బు పది మైళ్ళ అవతల ఉన్నట్టే కనిపిస్తుంది, దాని కిందనుంచి తన్నుకొచ్చే చల్లగాలి మాత్రం వానకంటే ముందే మీ సైటుకు చేరుతుంది. పదహారడుగుల గుడ్డ కిందికి ఒక్క విసురు దూరితే దాన్ని మోసే కడ్డీలు రెండూ వంగిపోతాయి, ఒక్కోసారి గోడలోని స్క్రూలతో సహా ఊడొస్తాయి. స్విచ్ నొక్కి చుట్టేసేంత వ్యవధి ఉండదు. నీడ కావాలంటే సాయంత్రం బండికి తూర్పు పక్కన కుర్చీలు వేసుకోండి, బండి నీడే చాలు. తలుపు తీసేటప్పుడు కూడా చెయ్యి వదలకండి. గాలికి తలుపు వెనక్కి కొట్టుకుని కీలు వంగితే మళ్ళీ సరిగా మూసుకోదు.

నడపడం విషయం. వెదర్ సర్వీస్ వాళ్ళు విండ్ అడ్వైజరీ ఇచ్చిన రోజున, అంటే విసురు గంటకు 45 మైళ్ళు దాటేటప్పుడు, బండి కదపొద్దు. మీరు బయల్దేరే రోజే అలా ఉంటే తేదీ ఉచితంగా మారుస్తాం. దారిలో చిక్కుకుని ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు అద్దె తీసుకోం. పదకొండడుగుల ఎత్తున్న పెట్టె అది, పక్కగాలికి తెరచాపలా పట్టేస్తుంది. ట్రక్కును దాటేటప్పుడు దాని చాటులో గాలి ఆగుతుంది, ముందుకు రాగానే ఒక్కసారిగా కొడుతుంది. స్టీరింగ్ గట్టిగా తిప్పి సరిచేయబోతేనే అసలు ప్రమాదం. వేగం 55కి దించి, దాటడం మానేయండి. ఎదురుగాలి రోజున మైలేజీ గ్యాలనుకు 6, 7 మైళ్ళకు పడిపోవచ్చు. అందుకని సగం ట్యాంకు దగ్గరే నింపుకోండి. కొలరాడోలో రెగ్యులర్ అని రాసి ఉన్న పెట్రోలు 85 ఆక్టేన్. మా బళ్ళకు కనీసం 87 కావాలి కాబట్టి ఇక్కడ మధ్య బటన్ నొక్కండి, కాన్సస్‌లో రెగ్యులరే 87. పసుపు పిడి ఉన్న ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనం) జోలికి ఎక్కడా పోవద్దు.

జనరేటరు దగ్గర మా పొరపాటు ఒకటి ఉంది. మా బళ్ళలోని ఓనాన్ 4000కి కార్బురేటర్ మీద ఎత్తును బట్టి తిప్పే చిన్న నాబ్ ఉంటుంది. మేం డెన్వర్‌కు తగ్గట్టు 5,000 అడుగుల దగ్గర పెట్టి వదిలేసేవాళ్ళం. గుడ్‌ల్యాండ్ సుమారు 3,700 అడుగుల ఎత్తులో ఉంటుంది. కిందికి వెళ్ళాక నాబ్ అలాగే ఉంటే గాలి పాళ్ళు ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతుంది. ఇకనుంచి తూర్పుకెళ్ళే బండికి మేమే తిప్పి ఇస్తాం, మీరు ముట్టుకోనక్కర్లేదు. ఇంకొకటి, పెట్రోలు పావు ట్యాంకుకు దిగితే జనరేటరు దానంతటదే ఆగిపోతుంది. అది రిపేరు కాదు. మీరు నడిరోడ్డు మీద మిగిలిపోకుండా చేసిన ఏర్పాటు.

పార్కులో కరెంటు 30 ఆంప్స్, అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. లెక్క ఇలా వేసుకోండి. పైకప్పు ఏసీ 13 నుంచి 15 ఆంప్స్. నీళ్ళ హీటరు కరెంటు మీద 12. ఇండక్షన్ స్టవ్ పూర్తి మంట మీద 15. ఇన్‌స్టంట్ పాట్ 8. ఏసీ తిరుగుతుండగా ఇండక్షన్ మీద కుక్కర్ పెట్టి, హీటరు కూడా వేసి ఉంచితే బ్రేకర్ పడుతుంది, పడాలి కూడా. వంట చేసేటప్పుడు హీటర్‌ను గ్యాస్‌కు మార్చండి, ఇక ఏసీ, ఇండక్షన్ రెండూ కలిపి సరిగ్గా అంచున ఉంటాయి కాబట్టి ఇండక్షన్‌ను సగం మీద నడపండి. జులై, ఆగస్టు సాయంత్రాలు అన్ని బళ్ళూ ఏసీలు వేసినప్పుడు పాత పార్కుల్లో వోల్టేజి పడిపోతుంది. 104 కిందికి దిగితే మేం పెట్టిన రక్షణ పెట్టె కరెంటు కట్ చేస్తుంది. దాన్ని పీకేసి నేరుగా తగిలిస్తే ఏసీ కంప్రెసర్ కాలుతుంది. ఆ బిల్లు మీదే.

ఇప్పుడు వంటిల్లు. ఇది కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గొడవలు ఇక్కడే.

సింకు, స్నానం నీళ్ళు గ్రే ట్యాంకులోకి పోతాయి. దాని అడుగున ఒకటిన్నర అంగుళాల గొట్టం, గొట్టానికి పలకలా జారే వాల్వు. ఆ పలక కింద సన్నని గాడి, రెండు పక్కలా రబ్బరు. పోపులోని ఆవాలు నాలుగు, ఒక కరివేపాకు రెబ్బ వెళ్ళి ఆ గాడిలో కూర్చుంటే పలక చివరిదాకా దిగదు. పిడి మాత్రం మూసినట్టే లోపలికి ఉంటుంది. బొట్టు బొట్టుగా కారిన నీళ్ళు గొట్టం చివరి మూత వెనక నిండుతాయి. మీరు డంప్ స్టేషనులో, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోట, మూత తిప్పగానే చెప్పుల మీద పడేది ఆ నీళ్ళే. దీనికి మేమిచ్చిన సలహా మరింత చెడగొట్టింది. పార్కులో మురుగు గొట్టం తగిలించాక గ్రే వాల్వు తెరిచి ఉంచండి అని పాత కాగితంలో రాశాం. అలా చేస్తే నీళ్ళు ఎప్పటికప్పుడు పోయి, గంజి, పప్పు, నూనె ట్యాంకు అడుగున ఉండిపోతాయి. అక్కడి పొడి ఎండకు రెండు రోజుల్లో అట్ట కడతాయి.

కాబట్టి వాల్వు మూసే ఉంచండి. మూడింట రెండు వంతులు నిండాక ముందు బ్లాక్ (టాయిలెట్ ట్యాంకు), ఆ తర్వాత గ్రే, ఒక్క ఊపున వదలండి. సబ్బునీళ్ళు ఉరికే జోరే గొట్టాన్ని కడుగుతుంది. సింకులో సన్న జల్లెడ పెట్టి ఇస్తున్నాం, తీయకండి. ప్లేట్లు పేపర్ టవల్‌తో తుడిచాకే కడగండి. మిగిలిన నూనె సీసాలో పోసి చెత్తలో వేయండి. వాల్వు బిగుసుకుంటే లాగి విరగ్గొట్టవద్దు. మూత బిగించి ఉండగానే సింకులోంచి అయిదు గ్యాలన్ల గోరువెచ్చని నీళ్ళు పోసి, మూడు నాలుగు సార్లు మెల్లగా తెరిచి మూస్తే చాలావరకు గాడి శుభ్రమవుతుంది. ఇకమీద ప్రతి బండికీ చివర రెండో వాల్వు తగిలించి ఇస్తున్నాం, లోపలిది కారినా అది ఆపుతుంది. ఆవాలు తీసే పనికి 75 డాలర్లు వసూలు చేసేవాళ్ళం. మా పాత కాగితం ప్రకారమే నడుచుకున్నవాళ్ళకు ఆ డబ్బు వెనక్కిస్తాం, బుకింగ్ నంబరుతో మెసేజ్ పెట్టండి.

పోపు పొగకు అలారం మోగితే బ్యాటరీ పీకొద్దు. పైకప్పు ఫ్యాన్ బయటికి లాగేలా పెట్టి, స్టవ్‌కు ఎదుటి కిటికీ రెండంగుళాలు తెరవండి.

కోసిన గోధుమ చేలో ఫొటో కోసం బండి దింపకండి. ఈ ఒక్కదానికి డిపాజిట్ మొత్తం పట్టుకుంటాం. గోధుమ కోతలు జూన్ చివర, జులై మొదట్లో అయిపోతాయి, తర్వాత మిగిలే మోళ్ళు ఎండుగడ్డిలా ఉంటాయి. బండి కింద సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ కాలుతూ ఉంటుంది, అది తగిలితే మంట. ఆ గాలికి నిమిషాల్లో చేను దాటుతుంది. పైగా అది ఎవరో రైతు పొలం. రోడ్డు అంచున గట్టి నేల మీదే ఆపండి. కోతల రోజుల్లో పార్కులు కూడా ఖాళీ ఉండవు, దక్షిణం నుంచి కోసుకుంటూ వచ్చే కంబైన్ (కోత యంత్రం) బృందాలు తమ సొంత క్యాంపర్లతో దిగుతాయి. అప్పుడైతే ముందే బుక్ చేసుకోవాలి.

అక్కడి చేలలో మైలో అని పిలిచే పంట మన జొన్నే. పొట్టిగా ఉంటుంది, సెప్టెంబరులో కంకులు ఎర్రబడతాయి. ఇంకో పాత చుట్టం కూడా ఉంది: పల్లేరు. గోట్‌హెడ్ అంటారు, మన పల్లేరు కాయే. పార్కు కంకర అంచుల్లో పాకి ఉంటుంది. పిల్లల సైకిళ్ళు, గాలి పరుపులు, కుక్క పాదాలు దాని బారిన పడతాయి. మెట్ల దగ్గర పరిచే గరుకు పట్టా ఇస్తున్నాం. చెప్పులు బయటే విప్పి, అడుగు చూసుకుని లోపలికి రండి. అద్దె సైకిళ్ళకు ట్యూబుల్లో సీలెంట్ పోశాం.

వడగళ్ళు, టోర్నడోల సంగతి. వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే వచ్చేసిందని. ఆర్వీ ఎప్పుడూ రక్షణ కాదు. పార్కులో దిగగానే ఆఫీసులో అడగాల్సిన మొదటి ప్రశ్న వైఫై పాస్‌వర్డ్ కాదు, షెల్టర్ ఎక్కడ అని. నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు ఒకటి గుడ్‌ల్యాండ్‌లోనే ఉంది, వాళ్ళ సూచనలు ఫోనుకు వచ్చేలా పెట్టుకోండి. రోడ్డు మూసారా తెరిచారా అన్నది కాన్సస్‌కు కాన్‌డ్రైవ్, కొలరాడోకు సీఓట్రిప్ చూడండి. వడగళ్ళకు పైకప్పు ప్లాస్టిక్ మూతలు పగిలితే ఇన్సూరెన్స్‌లోకి వస్తుంది, మీ దగ్గర తీసుకోం.

చూడాల్సినవి క్లుప్తంగా. గుడ్‌ల్యాండ్‌లో 80 అడుగుల స్టాండు మీద వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ, దూరం నుంచే కనిపిస్తుంది. బర్లింగ్టన్‌లో 1905 నాటి రంగులరాట్నం, చేత్తో చెక్కిన 46 జంతువులు, టికెట్టు పావు డాలరు. వేసవిలోనే తిరుగుతుంది. మొదట మన డెన్వర్ ఎలిచ్ గార్డెన్స్‌లో ఉన్నదే, 1928లో అక్కడికి కొనుక్కెళ్ళారు. ఓక్లీ దక్షిణాన సుద్దరాతి గుట్టలు మాన్యుమెంట్ రాక్స్, లిటిల్ జెరూసలెం రెండూ పగటి పూటే, రాత్రి ఉండనివ్వరు. మాన్యుమెంట్ రాక్స్‌కు హైవే దిగాక సుమారు 7 మైళ్ళు మట్టి, కంకర రోడ్డు. వాన పడితే జిగురు బురద. తడిగా ఉంటే ఆ దారి మా అగ్రిమెంటులో నిషేధం. పొడిగా ఉంటే 15 మైళ్ళ వేగంతో, అల్మారాల గొళ్ళాలన్నీ వేసుకుని వెళ్ళండి.

టైము జాగ్రత్త. గుడ్‌ల్యాండ్ కాన్సస్‌లో ఉన్నా మన డెన్వర్ టైమే. అక్కడినుంచి కోల్బీ వైపు వెళ్తే కౌంటీ గీత దాటగానే ఒక గంట ముందుకు జరుగుతుంది. కోల్బీ, ఓక్లీలో చెకౌట్ అక్కడి టైము ప్రకారం. బండి మాకు అప్పగించే టైము మాత్రం ఎప్పుడూ డెన్వర్‌దే.

పూలు ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా. విచ్చుకున్నాక పువ్వు తూర్పుకే తిరిగి ఉంటుంది కాబట్టి ఫొటోలు పొద్దున్నే తీసుకోండి. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) వారాంతానికి ఒక్క బండే మిగిలింది. అక్టోబరు 1 తర్వాత వెళ్ళేవాళ్ళు రాత్రి నీళ్ళ గొట్టం విప్పి లోపల పెట్టుకోవాలి, లేకపోతే పొద్దునకు గడ్డకడుతుంది. అక్టోబరు 10 నుంచి అన్ని బళ్ళ గొట్టాల్లో పింక్ యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఎక్కించేస్తాం. ఆ తర్వాత అద్దె తక్కువే, కానీ కుళాయి, షవరు పనిచేయవు. తాగడానికీ వంటకూ నీళ్ళు క్యాన్లలో మీరే తెచ్చుకోవాలి.