బావగారి అమెరికా కుక్కరు

విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్ళయింది. జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, తిట్టుకో. కొత్త ఫ్లాటు, గృహప్రవేశం, సామాన్ల సర్దుడు, ఆఫీసులో ఆడిటు, అన్నీ ఒక్కసారే నెత్తిన పడ్డాయి. ఫోన్ చేద్దామనే అనుకున్నా. కానీ ఫోన్లో నువ్వు కథ సగంలో ఉండగానే నవ్వేసి "ఆ, తర్వాతది తెలుసులే" అంటావు. అందుకే కాగితం పట్టుకున్నా. ఈసారి నోరు మూసుకుని చదువు.

క్షేమ సమాచారాలు ముందు కానిచ్చేస్తా: అందరం బాగున్నాం. నా బీపీ మాత్ర మారింది. బుజ్జిగాడు ఇంటర్ సెకండియర్, ఇంట్లో వాళ్ళతో మాట్లాడ్డం మానేశాడు కాబట్టి వాడి వార్తలేం లేవు. అయిపోయాయి.

ఇక నువ్వడిగిన సంగతి. మీవాడు ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు, చెల్లెమ్మ వాడి పెట్టెలో రైస్ కుక్కర్ పెడతానంటోంది, పనిలో పనిగా ఇంట్లోకీ ఒకటి తీసుకుందామంటోంది, నువ్వేమో "ప్రెషర్ కుక్కర్ ఉండగా ఇంకో కుక్కరెందుకు, దండగ" అంటున్నావు. అవునా? సరిగ్గా నువ్వు ఆ ఉత్తరం పోస్టు చేసిన వారమే మా వంటింట్లో ఏం జరిగిందో వింటే నువ్వు ఈ ప్రశ్న నన్నే అడిగినందుకు ఆశ్చర్యపోతావు.

మా బావ తెలుసుగా, డల్లాస్ ప్రొఫెసరు. (ఆయన ప్రొఫెసర్ కాడని నీకూ నాకూ తెలుసు, ఆ బిరుదిచ్చింది నువ్వే, శ్రీశైలం బస్సులో.) గృహప్రవేశానికి అక్కా బావా వచ్చారు. వస్తూ వస్తూ ఇంత అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. "అత్తయ్యగారికి కానుక" అని అందరి ముందూ విప్పాడు. తెల్లగా మెరిసిపోతూ పెద్ద రైస్ కుక్కర్. మా అమ్మ దాన్ని అటూ ఇటూ చూసి "ఎందుకు బాబూ అంత ఖర్చు" అంది. ఆ మాటకి మన ఊళ్ళో అర్థం నీకు తెలుసు, బావ మాత్రం పొంగిపోయాడు.

వ్రతం అయింది, మధ్యాహ్నం భోజనాలు క్యాటరింగ్ వాళ్ళు పెట్టి వెళ్ళిపోయారు. రాత్రికి దగ్గరి చుట్టాలు పదిహేను మందిమి మిగిలాం. కూరలూ పులుసూ మిగిలాయి, అన్నం ఒక్కటే వండాలి. అమ్మ గుండిగ తియ్యబోతుంటే బావ అడ్డం పడ్డాడు. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, ఈ పూట వంట నాది." మా అక్క మొహం చూడాల్సింది నువ్వు. ఆయన ఇరవై ఏళ్ళలో కాఫీ కలిపిన పాపాన పోలేదట.

బియ్యం కడిగాడు, నీళ్ళు పోశాడు, ఫోన్లో ఏదో చూసి ఇంకొన్ని పోశాడు. ప్లగ్గు మన సాకెట్‌కి పట్టదు కదా, దానికి జేబులోంచి ఓ అడాప్టర్ తీశాడు. పదిహేను ఆంప్స్ పాయింట్లో పెట్టి మీట నొక్కాడు. అందరం చుట్టూ చేరాం, సత్యనారాయణస్వామి కథకి కూడా అంతమంది చేరలేదు.

మూర్తీ, ఏడు నిమిషాలు. ఏడే నిమిషాల్లో ఎసరు తెర్లిపోయింది. బావ వాచీ చూపించి "చూశారా, అమెరికా సరుకంటే ఇదీ!" అన్నాడు. మా అమ్మ మెల్లిగా అంది: "అన్నం ఉడకడానికి అంత తొందరేముంది బాబూ, మేం ఎక్కడికీ పోం." అల్లుడుగారు కదా, అంతకు మించి అనకూడదు.

కాసేపటికి మీట దానంతటదే టక్కున పైకి లేచింది. లోపల బియ్యం ఇంకా బియ్యమే. బావ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది. ఈసారి వేలు పెట్టి అదిమి పట్టుకున్నాడు. "కొత్తది కదా, బిగుతుగా ఉంది." ఇంక చూడు, మూత కోడిపుంజులా ఎగరడం మొదలెట్టింది, గంజి పొంగి గ్రానైట్ బండ మీదుగా జర్రున కారి, ప్లాస్టిక్ కాలిన కంపు, ఎవరో "ఆపండీ" అని అరిచారు, ఠప్! ఫ్లాటంతా చీకటి.

చీకట్లో మా పెద్దత్త గొంతు: "గృహప్రవేశం నాడే దీపం ఆరిపోయిందే!" నాకు గుండె జారింది. అమ్మ వెంటనే అందుకుంది: "దీపం దేవుడి దగ్గర వెలుగుతోంది, కళ్ళు తెరిచి చూడు వదినా. ఆరింది బల్బు." నిజంగానే పూజ గదిలో దీపం నిబ్బరంగా ఉంది. ఆ వెలుగులోనే నేను మెయిన్ దగ్గరికెళ్ళి చూస్తే ట్రిప్ అయింది.

ఇక్కడ మన బుజ్జిగాడు రంగంలోకి దిగాడు. ప్లగ్గు పీకి, కుక్కర్‌ని బోర్లించి, ఫోన్ టార్చి వేసి అడుగున స్టిక్కర్ చదివాడు. "120 వోల్టులు, 60 హెర్ట్జ్. మావయ్యా, మనింట్లో వచ్చేది 230." బావ: "అడాప్టర్ పెట్టాం కదరా!" వాడు: "అడాప్టర్ మార్చేది ప్లగ్గు కాళ్ళనే, వోల్టేజిని కాదు. వోల్టేజి రెట్టింపైతే పవరు నాలుగింతలు. మనది రెట్టింపుకి కొంచెం తక్కువ, కాబట్టి మూడున్నర రెట్ల పైనే. ఏడొందల వాట్ల హీటరు రెండున్నర వేల వాట్లు లాగేసింది." అందుకేనన్నమాట ఏడు నిమిషాల ఎసరు! పాపం బావ ఫోన్ చార్జర్లని చూసి మోసపోయాడు. వాటి మీద 100 నుంచి 240 వరకూ అని రాసుంటుంది, ఎక్కడ గుచ్చినా పనిచేస్తాయి. హీటరుకి ఆ సర్దుబాటు లేదు. కాలేజీకి పోసిన ఫీజులో కొంత ఆ రాత్రి వసూలైందనిపించింది నాకు.

అమ్మ ఏం మాట్లాడకుండా ఆ ఉడికీ ఉడకని బియ్యాన్ని గుండిగలోకి వంచి, మరిగే నీళ్ళు పోసి గ్యాస్ మీద పెట్టింది. పలుకు పట్టి చూసి, సిబ్బి పెట్టి గంజి వార్చింది. ఎనిమిదిన్నరకల్లా అందరం తిన్నాం. అన్నం బాగుందని మొదట అన్నది బావే. అక్క ఆయన వైపు చూసిన చూపు... అది వచ్చినప్పుడు చెప్తా, రాసేది కాదు.

ఇంతటితో అయిపోతే నీకింత రాసేవాణ్ణి కాదు. మర్నాడు బావ "రిపేరు చేయిద్దాం" అని పట్టుబట్టాడు. ఏలూరు రోడ్డు సందులో మిక్సీలు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళా. వాడు అడుగు స్క్రూలు విప్పి చూసి "హీటరు ప్లేటు పోయింది, ఫ్యూజు పోయింది, దీనికి పెట్టే డబ్బుతో కొత్తది వస్తుంది సార్" అన్నాడు. బావ ఊరుకోలేదు. "అది సరే, అన్నం అయిపోయిందని దీనికెలా తెలుస్తుంది? చిప్ ఉంటుందా?" వాడు నవ్వాడు. "ఇందులో మెదడు లేదు సార్, అయస్కాంతం ఉంది."

ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద ఓ గుండ్రటి బొత్తాం ఉంటుంది చూడు, గిన్నె పెడితే కిందికి దిగుతుంది. దాన్ని పీకి బల్ల మీద పెట్టాడు. పైన ఓ బిళ్ళ, కింద అయస్కాంతం, రెండూ అంటుకుని ఉన్నాయి. సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి పై బిళ్ళకి ఆనించాడు. చూస్తుండండి అన్నాడు. ఏం లేదు, ఏం లేదు... టక్! అయస్కాంతం ఊడి కిందికి జారింది. చల్లారాక దగ్గరికి తెస్తే మళ్ళీ పట్టుకుంది. నేను వాడి చేత మళ్ళీ మళ్ళీ చేయించుకున్నానురా, చిన్నపిల్లాడిలాగా.

కిటుకు ఏంటంటే, గిన్నెలో నీళ్ళున్నంతసేపూ అడుగు నూరు డిగ్రీలు దాటదు. వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. నీళ్ళు బియ్యం తాగేశాక అడుగు వేడెక్కడం మొదలవుతుంది. నూరు దాటి మరో మూడు నాలుగు డిగ్రీలకి ఆ బిళ్ళ అయస్కాంతానికి అంటుకునే గుణం పోగొట్టుకుంటుంది. పట్టు వదలగానే మీట లేచి స్విచ్చి తెగుతుంది. అంతే! బావ కుక్కర్లో హీటరు ఉగ్రరూపం దాల్చి ప్లేటు ముందే మరీ వేడెక్కిపోయింది గనక అది పాపం నీళ్ళుండగానే టక్కుమంది. వద్దు నాయనోయ్ అని అది రెండుసార్లు చెప్పింది, మనవాడు వేలితో నోరు నొక్కేశాడు.

దీని పుట్టుక కూడా చదివాను. 1955లో జపాన్లో తోషిబా వాళ్ళు మొదటి ఆటోమేటిక్ కుక్కర్ అమ్మారు. తయారుచేసింది యోషితాదా మినామి అని ఓ చిన్న కార్ఖానా ఆయన. అందులో రెండు గిన్నెలు. బయటి గిన్నెలో కాసిని నీళ్ళు పోస్తారు, అవి ఆవిరై ఇంకిపోగానే వేడి నూరు దాటుతుంది, రెండు లోహాల పట్టీ వంగి కరెంటు తెగుతుంది. ఆ నీళ్ళే గడియారం. ఏళ్ళ తరబడి రోజూ వండి వండి లెక్కలు రాసింది మాత్రం ఆయన భార్య ఫుమికో, ఆరుగురు పిల్లల తల్లి. ఇది అమ్మకి చెబితే ఏమందో తెలుసా? "ఆ వండిందంతా ఎవరు తిన్నార్రా?"

సరే, తీర్పు. మేం కొన్నాం. ఇక్కడిదే, 230 వోల్టులది, 1.8 లీటర్లది, మీట తప్ప ఇంకేం లేని సాదాది. పదహారు బొత్తాలున్నవి చూపించారు గానీ మనకి వండేది ఒక్క అన్నమేగా. అమ్మ మొదటి రోజే "ఇది అత్తెసరే కదరా, కరెంటు మీద" అని తేల్చేసింది. (అత్తెసరు అనగానే నీ మూడో సెమిస్టరు గుర్తొచ్చింది, ఏమీ అనుకోకు.) ఇంకో సంగతి, దాంతో వచ్చే కప్పు మన గ్లాసు కాదు, 180 మిల్లీలీటర్లే, అది జపాను కొలత. గిన్నెలో గీతలు చూసి నీళ్ళు పోస్తే మా పాత బీపీటీ బియ్యానికి చాలక పలుకు మిగిలింది. అమ్మ గీతల్ని పట్టించుకోదు. పాత బియ్యానికి రెండింతలూ ఆపైన కొంచెం, కొత్త బియ్యానికి అంతకు తక్కువ. టక్కుమన్నాక మూత తియ్యనివ్వదు, పది నిమిషాలు ఉమ్మగిల్లాలి. ఆవిడ చేత్తో అయితే పొడిపొడిగా దిగుతుంది, మా ఆవిడ చేత్తో ముద్దవుతుంది. ఈ వాక్యం చెల్లెమ్మకి చదివి వినిపించకు, ఫోన్లో ఇక్కడికి చేరిపోతుంది.

కానీ మీ ఇద్దరికీ అవసరమా అంటే, నన్నడిగితే వద్దు. త్వరగా అవుతుందనుకుంటే పొరపాటు, అరగంట పడుతుంది, ప్రెషర్ కుక్కర్ అందులో సగంలో దించేస్తుంది. కరెంటంటావా, ఏడొందల వాట్లు అరగంటకి యూనిట్లో మూడో వంతు, అది పెద్ద లెక్క కాదు. అసలు మెలిక పప్పు దగ్గర ఉంది. ప్రెషర్ కుక్కర్లో వేడి 120 దాకా పోతుంది కాబట్టి కందిపప్పు మెత్తబడుతుంది. ఇది నూరు దగ్గరే ఆగుతుంది, పప్పు పెడితే నీ సహనం ఉడుకుతుంది గానీ పప్పు ఓ పట్టాన ఉడకదు. నువ్వు పప్పు లేకుండా ముద్ద దింపవు. ఎలాగూ కుక్కర్ ఎక్కాల్సిందే, పై గిన్నెలో అన్నం ఊరికే అయిపోతుంది. ఇంక రెండోది ఎందుకు, అలమరలో అట్టపెట్టెలో ఉంచడానికా?

మరి నువ్వెందుకు కొన్నావంటావు. చెప్తా. అమ్మ ఈ మధ్య పొయ్యి మీద పెట్టింది మరిచిపోతోందిరా. ఆమధ్య పాలు పెట్టి గుడికెళ్ళిపోయింది. ఎదురింటావిడ వాసన పట్టి ఫోన్ చేసింది. మేం ఇద్దరం ఆఫీసుల్లో, వాడు కాలేజీలో, మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే. వంట మానెయ్యమంటే వినే మనిషి కాదని నీకు తెలుసు, మనకి హాస్టల్ సెలవుల్లో పన్నెండింటికి అట్లు పోసిన మనిషి. పొద్దున్నే మా ఆవిడ కూరా పప్పూ చేసి పెడుతుంది, అమ్మ తనకి కావలసినప్పుడు గ్లాసుడు బియ్యం పడేసుకుని మీట నొక్కి టీవీ ముందు కూర్చుంటుంది. మరిచిపోయినా అది ఆగుతుంది. డాక్టరు ఏమన్నాడంటే... సరే అది వదిలెయ్, ఫోన్లో మాట్లాడుకుందాం. రాయబుద్ధి కావట్లేదు.

మీవాడి సంగతి. వాడికి కావాలి, తప్పకుండా కావాలి. నలుగురు కుర్రాళ్ళు తలో టైముకీ ఇల్లు చేరతారు, మూత తీస్తే వేడన్నం ఉండాలి. కానీ ఇక్కణ్ణుంచి పంపొద్దు! బావ కథ తిరగేసి చూడు: మన ఏడొందల వాట్లది అక్కడ 120 మీద పెడితే నూట తొంభై వాట్లే ఇస్తుంది. నీళ్ళు తెర్లవు, బియ్యం గోరువెచ్చగా నాని నాని జావవుతుంది, అచ్చం నీ అమీర్‌పేట మార్కు అన్నం. చెల్లెమ్మకి ఈ లెక్క అర్థమయ్యేలా చెప్పు, పెట్టెలో కొన్ని కేజీలు మిగులుతాయి, వాటిలో ఆవకాయ పడుతుంది. కుక్కర్ అక్కడే కొనుక్కోమను. పంపేదుంటే మన ప్రెషర్ కుక్కర్ చిన్నది పంపు, దానికి వోల్టేజితో పనిలేదు.

బావ వెళ్తూ వెళ్తూ ఆ కాలిన కుక్కర్ లోపలి గిన్నెని మాత్రం... అయ్యో, కింద హారన్ కొడుతున్నాడు. పక్క ఫ్లాటు కుర్రాడు కాకినాడ వస్తున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా, రెండోసారి కొట్టాడు. ఒరేయ్, ఆ ప్రెషర్ కుక్కర్‌తో పాటు గాస్కెట్లు రెండు అదనంగా పెట్టించు, విజిల్ కూడా ఒకటి.

నీ
బాచి