వార్షిక నివేదిక 2024–25: మన తెనాలి వైపు తారలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘం సభల్లో పాత సినిమా తారల గురించి మాట్లాడేటప్పుడు వారి చివరి రోజులతో మొదలుపెట్టకూడదని, ముందు వారు చేసిన పని గురించే చెప్పుకోవాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఈ ఏడాది నెలవారీ సభలన్నీ ఆ తీర్మానానికి కట్టుబడే నడిచాయి. అది అందరికీ నచ్చిందని చెప్పలేను. ‘కన్నీళ్ళు లేకుండా సావిత్రి సభ ఏమిటి?’ అని ఒక పెద్దాయన మధ్యలోనే లేచి వెళ్ళారు. మరుసటి నెల సభకు అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నారనుకోండి.

సావిత్రి సభ యథాప్రకారం డిసెంబరులో జరిగింది. చిర్రావూరు మనకు ఎంతో దూరం కాదు కాబట్టి ఆమెను మన ఇంటి ఆడపిల్లగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఈసారి ఆ మురిపెం కాస్త పక్కనపెట్టి, ‘మాయాబజార్’ (1957)లో ఆమె మాయా శశిరేఖగా, అంటే శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడిగా, నటించిన సన్నివేశాలను రెండుసార్లు వేశాం. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేశాం. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ కనుబొమల విరుపు, భుజాల బిగింపు, అడుగు వేసే తీరు అన్నీ ఘటోత్కచుడివి, అంటే యస్వీ రంగారావుగారివి. పట్టుచీర కట్టిన పిల్లలో రాక్షసుడు కనిపిస్తున్నాడు. మాటలు వినిపిస్తున్నంతసేపూ నవ్వుతూ చూసేస్తాం, ఆ పనితనం కంటపడదు. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ మూడూ 1953–57 మధ్యనే వచ్చాయి. 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రానికి ఆమే దర్శకత్వం వహించి, సంగీత బాధ్యతను పి. లీలకు అప్పగించారు. ఆ కాలంలో ఒక కథానాయిక అంత సాహసం చేయడం చిన్న విషయం కాదు. ఆ సినిమా గురించి మాట్లాడేవారు మాత్రం మన సభలో ఇద్దరు ముగ్గురికి మించి లేరు.

కాంచనమాల సభలో వాదన వేడెక్కింది. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’తో ఆమె పేరు ఆంధ్రదేశమంతా మారుమోగింది. ఆమె బొమ్మ ఉన్న క్యాలెండర్లు ఇళ్ళలో గోడలకెక్కాయి. ‘బాలనాగమ్మ’ (1942) తర్వాత ఒప్పందం తగాదాతో ఆమె నటజీవితం దాదాపుగా ఆగిపోయింది. మళ్ళీ ‘నర్తనశాల’ (1963)లో చిన్న పాత్రలో కనిపించారు. ఆమె జీవితాన్ని విధివిలాసంగా చెప్పుకునేవారే మనలో ఎక్కువ. ఈ కార్యదర్శి అభిప్రాయం వేరు. సంతకం పెట్టిన కాగితం ఒక నటి చేతులు కట్టేయగలిగితే, అందులో విధి ప్రమేయమెంత, ఆ కాగితం ప్రమేయమెంత? అప్పటి తారలు మనం ఊహించుకున్నంత స్వేచ్ఛగా ఏమీ లేరు. తొలినాళ్ళలో ఎన్టీఆర్ కూడా విజయా చిత్రనిర్మాణ సంస్థలో నెలకు 500 రూపాయల జీతం మీద పనిచేశారు. ‘పాతాళభైరవి’ తోటరాముడు నెల తిరగ్గానే జీతం అందుకునే ఉద్యోగి అంటే మన సభ్యుల పిల్లలు నమ్మలేదు.

గుమ్మడి, జగ్గయ్యల ఉమ్మడి సభకు హాలు చాలలేదు. ఇద్దరూ తెనాలి పరిసరాలవారే. ‘అర్ధాంగి’ (1955)లో గుమ్మడి తండ్రి, అక్కినేని, జగ్గయ్య కొడుకులు. అప్పటికి గుమ్మడికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. పైగా అక్కినేని ఆయనకన్నా పెద్దవారు! జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచారు, టాగోర్ గీతాంజలిని తెలుగు చేశారు, శివాజీ గణేశన్‌కు తెలుగులో గొంతు అరువిచ్చారు. దుగ్గిరాలలో ఆయన బడిపంతులుగా ఉన్న రోజుల సంగతులు అక్కడి నుంచి వచ్చినవారు చెబుతుంటే రాత్రి పదిన్నరైనా ఎవరూ లేవలేదు. హాలు కాపలాదారు దీపాలు ఆర్పడం మొదలుపెట్టాకే ఇళ్ళకు కదిలాం.

సెప్టెంబరులో అక్కినేని శతజయంతి సభ జరపలేదు. ఆ నెల మొదట్లో కృష్ణకు వరద వచ్చి లంక గ్రామాలు మునిగినందున, సభ కోసం కేటాయించిన సొమ్మును కార్యవర్గం సహాయానికి మళ్ళించింది. కొందరు సభ్యులు దీన్ని ప్రశ్నించారు. 1952లో రాయలసీమ కరువు వచ్చినప్పుడు మన తారలు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. ఆ తారల పేరు చెప్పుకునే సంఘం చేయాల్సిన పనే చేశామని భావిస్తున్నాం.

పాత సినిమా పాటల పుస్తకాల సేకరణ బాగా సాగింది. నాసిరకం కాగితం, తుప్పుపట్టిన పిన్ను, కథ సగంలో ఆపేసి ‘మిగతాది వెండితెరపై చూడండి’ అనే చివరి వాక్యం... ఇవన్నీ మీకు తెలిసినవే. ఒక ‘మిస్సమ్మ’ పాటల పుస్తకం వెనక అట్ట మీద ఎవరో ఇల్లాలు పెన్సిలుతో పాల లెక్క రాసుకున్నారు. పొద్దున అరశేరు, సాయంత్రం పావుశేరు. దాన్ని చెరపవద్దని స్కానింగ్ చేసే కుర్రాడికి గట్టిగా చెప్పాం. చెదలు తినేసినవాటిలో మిగిలిన పుటలను విడిగా కవర్లలో భద్రపరిచాం.

రేపల్లెలో పుట్టిన నటుడు చిత్తూరు నాగయ్యగారి గురించి సభ జరగాల్సి ఉండగా వక్త అనారోగ్యంతో వాయిదా పడింది. వచ్చే ఏడాది తప్పకుండా ఉంటుంది. 2025 సెప్టెంబరులో భానుమతి శతజయంతి కూడా ఉంది. నటి, గాయని, దర్శకురాలు, రచయిత్రి, స్టూడియో యజమానురాలు. ఆమెకు ఒక్క సాయంత్రం చాలదని కార్యవర్గం రెండు రోజులు కేటాయించింది.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి గారు సభలో విడిగా చదువుతారు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు ఆ రోజే చెల్లించి రసీదు తీసుకోవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి