ర్యాంపు గుమ్మం దగ్గరే ఆగింది

సంపాదకులకు,

గత ఆదివారం ఒంగోలులోని ఒక సభామందిరంలో శాక్సోఫోన్ కచేరీ విన్నాను. వాయించిన యువకుడు స్వరకర్త కూడా. ఇప్పుడిప్పుడే పైకి వస్తున్నాడు, తన బృందం కోసమే కొత్త రచనలు చేస్తున్నాడు. మృదంగం వాయించే అతనికి చూపు లేదు. పాడే అమ్మాయి వీల్‌చైర్‌లో ఉంటుంది, ఊపిరి ఎక్కువసేపు నిలపలేదు. అందుకని ఆమె పాడే పంక్తులను పొట్టిగా కట్టాడు. ఆమె ఆపిన స్వరాన్నే శాక్సోఫోన్ అందుకుని ముందుకు తీసుకుపోతుంది. పాట ఎత్తుకోవడానికి తల ఊపి సైగ చేయడం ఉండదు. అతను వినబడేలా గాలి పీలుస్తాడు, ఆ చప్పుడుకే మృదంగం లేస్తుంది. వ్యాఖ్యాత మాత్రం ‘వైకల్యాన్ని జయించి’ అని నాలుగుసార్లు అన్నాడు గానీ, రాగం ఏమిటో ఒక్కసారీ చెప్పలేదు. తర్వాత నేనే అడిగాను, ఆభేరి.

గాలి వాద్యం మనకు కొత్త కాదు. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది ఈ ఊరి పక్కనే. శాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతంలో నిలబెట్టిన కద్రి గోపాల్‌నాథ్ కూడా మొదట నాదస్వరం నేర్చినవారే. ఆ రోజూ జనం బాగానే వచ్చారు, కదలకుండా విన్నారు.

నా బాధ మెట్లతో. ఆ అమ్మాయిని నలుగురు కుర్చీతో సహా వేదిక మీదికి ఎత్తారు. కచేరీ అయ్యేసరికి వారిలో ఇద్దరు వెళ్లిపోయారు. హాలు ఖాళీ అయ్యాక కూడా ఆమె పైనే ఎదురుచూస్తూ ఉండిపోయింది. ర్యాంపు లేక కాదు, గుమ్మం దగ్గర ఉంది. వీల్‌చైర్‌లో వచ్చేవారు కింద కూర్చుని చప్పట్లు కొడతారే తప్ప పైకెక్కి కొట్టించుకోరని కట్టినవారి ఊహ కాబోలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సాంస్కృతిక జీవితంలో పాల్గొనడాన్ని కూడా హక్కుగానే చెప్పింది. ప్రజలు వాడే పాత భవనాలను సైతం, ప్రైవేటువైనా సరే, అందరికీ అనువుగా మార్చడానికి నియమాలు వచ్చిన నాటి నుంచి అయిదేళ్లు గడువిచ్చింది. నియమాలు వచ్చింది 2017లో. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు లెక్కన 3 అడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు కావాలి. చోటు లేదంటారని తెలుసు. వెనుక గదుల వైపు నుంచి మలుపు తిప్పి కట్టవచ్చు, అదీ కుదరకపోతే చిన్న లిఫ్టు పెట్టవచ్చు.

కొత్త హాలు ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు వేదిక మీదికి దారి ఎటు నుంచో నగరపాలక సంస్థ అడగాలి. ఉన్న హాళ్లవాళ్లు అద్దె రసీదులో మైకుకు ఇంత, జనరేటరుకు ఇంత అని రాస్తారు కదా, వేదికకు ర్యాంపు ఉందో లేదో కూడా అందులోనే రాయాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, లాయర్‌పేట, ఒంగోలు