ఆస్పత్రి మెట్ల దాకా అన్నదానం రావాలి

ప్రభుత్వ ఆస్పత్రుల్లో రోగికి భోజనం పెడుతున్నారే గాని, తోడుగా వచ్చినవారి ఆకలిని పట్టించుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఇటీవల ఒక బంధువుకు సాయంగా నాలుగు రాత్రులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, కొడుకు తినగా మిగిలిన పప్పన్నాన్ని ఒక తల్లి స్టీలు గిన్నె మూతలోకి తీసుకుని, మెట్ల మీద అటు తిరిగి కూర్చుని తినడం చూశాను; ఆ మధ్యాహ్నమే, ఇంట్లో వండుకునే స్థోమత ఉన్న మాబోటివాళ్లం ఫర్లాంగు దూరంలోని గుడిలో టోకెన్లు తీసుకుని ప్రసాదమంటూ కడుపునిండా తిని వచ్చాం. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా ఏళ్ల తరబడి అన్నం పెట్టారు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన ఆమె, తమ ఇంట అన్నం దొరుకుతుందన్న ఆశతో ఒక పెళ్లిబృందం వస్తున్నదని దారిలో విని, మొక్కును పక్కనపెట్టి వెనుదిరిగారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు, సంతోషమే. ఆలయాల అన్నదాన ట్రస్టులు తమ వంటలో కొంత భాగాన్ని దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి పంపేలా దేవదాయ, వైద్యారోగ్య శాఖలు ఉమ్మడిగా ఉత్తర్వు ఇవ్వాలి. రాత్రి పొద్దుపోయాక మా ఆస్పత్రి గేటు బయట బన్ను, టీ తప్ప మరేమీ దొరకలేదు కనుక, ఆ పని రాత్రి భోజనంతోనే మొదలుపెట్టాలి.

– ఒక పాఠకుడు