తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు: పుస్తకం మూయించండి, కణం గీయించండి

అందరికీ నమస్కారం. వచ్చే వారం తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం సమ్మేటివ్ పరీక్ష ఉంది. మొన్నటి స్లిప్ టెస్టు పేపర్లు నేనే కూర్చుని దిద్దాను (హెడ్‌మిస్ట్రెస్‌నయినా జీవశాస్త్రం పేపరు కనపడితే చెయ్యి ఊరుకోదు), అందుకే ఈ నెల ఉత్తరంలో మిగతా సంగతులన్నీ పక్కన పెట్టి కణం పాఠం గురించే రాస్తున్నాను.

పిల్లలు చదవట్లేదని కాదు. చదువుతున్నారు, నాలుగైదుసార్లు తిరగేశామని చెప్తున్నారు, పుస్తకంలో పటం చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, తీరా తెల్లకాగితం ముందు పెట్టేసరికి కేంద్రకం దగ్గర చెయ్యి ఆగిపోతోంది. రోజూ ఒకసారి పుస్తకం మూయించి మొక్క కణం గీసి భాగాలు రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో వాళ్లనే రాసుకోనివ్వండి. మర్నాడు మళ్లీ. మీకు సైన్సు రాకపోయినా ఫర్వాలేదు, పటం పక్కన పటం పెట్టి చూస్తే చాలు.

తప్పులు ఎక్కువగా ఎక్కడ పడుతున్నాయంటే, కణకవచం, కణత్వచం దగ్గర. కవచం బయటి గట్టి గోడ, మొక్కల్లో సెల్యులోజ్‌తో తయారవుతుంది, మన కణాలకు ఉండదు. త్వచం పలచటి పొర, ఏది లోపలికి రావాలో ఏది బయటికి పోవాలో చూసేది అదే, ప్రతి కణానికీ ఉంటుంది. ప్లాస్మా పొర అన్నా ఇదే. రెండో గందరగోళం ఇద్దరు రాబర్ట్‌లది: 1665లో బెండు ముక్కలో గదుల్లాంటివి చూసినవాడు హుక్, అవీ చచ్చిన కణాల గోడలే. కేంద్రకానికి 1831లో ఆ పేరు పెట్టినవాడు బ్రౌన్. తారుమారు చేసి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఒక పాప "మొక్కకు హరితరేణువులు ఉన్నాయి కాబట్టి మైటోకాండ్రియా అక్కర్లేదు" అని రాసింది. తప్పే, కానీ నాకు ముచ్చటేసింది, ఆలోచించి రాసిన తప్పది. వంట చేసినంత మాత్రాన కడుపు నిండుతుందా అని అడిగాను. హరితరేణువులు ఆహారం తయారుచేస్తాయి, అందులోంచి శక్తి తీయడానికి మొక్కకైనా మైటోకాండ్రియా కావాల్సిందే.

ద్రవాభిసరణం (కణత్వచం గుండా నీళ్లు, ఉప్పో చక్కెరో ఎక్కువున్న వైపుకి పోవడం) అనే మాట వింటేనే పిల్లలకు టెన్షన్. మీ వంటింట్లో మాగాయ పెడతారుగా, మామిడి ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి జాడీలో వేస్తే చుక్క నీళ్లు పోయకపోయినా మూడో రోజుకి ఊట తేలుతుంది, ముక్కలు మెత్తబడి ముడుచుకుంటాయి. బయట ఉప్పు ఎక్కువై ముక్కలోని నీళ్లు బయటికి వచ్చేశాయి, అంతే. కిస్‌మిస్‌ని మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, అది దీనికి తిరగేసిన కథ. ఈ రెండూ చూపించి "ఎందుకు?" అని అడగండి, జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.

ఇక పేపరు రాసే పద్ధతి. తేడాలు రాయమంటే రెండు పేరాలు రాసేస్తున్నారు. పట్టిక గీయాలి, ఎడమవైపు ఏ విషయం రాస్తే కుడివైపూ అదే విషయం రావాలి, ఎడమవైపు ఆకారం, కుడివైపు పని రాస్తే అది తేడా కాదు. "ఏం జరుగుతుంది, ఎందుకు" అంటే అవి రెండు ప్రశ్నలు, మనవాళ్లు మొదటిదానికే జవాబు రాసి ఊరుకుంటున్నారు. పటం పెన్సిల్‌తోనే, గీతలు స్కేలుతో, గీత కొస ఆ భాగానికి తగలాలి, గాల్లో ఆగిపోకూడదు. షేడింగు, రంగులు వద్దు, వాటికి మార్కులు రావు, టైము మాత్రం పోతుంది.

శనివారం మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా ల్యాబ్ తెరిచి ఉంచుతాం, ఉల్లిపొర స్లైడు ఎవరికి వారే చేసుకుని మైక్రోస్కోపులో చూసి గీయొచ్చు. ఉల్లిపాయలు మేం తెస్తాం. పెన్సిలు, రబ్బరు మాత్రం మర్చిపోకుండా పంపండి, పోయినసారి నా దగ్గరున్నవన్నీ ఇచ్చేశాను, ఒక్కటీ తిరిగి రాలేదు.

మీ ప్రధానోపాధ్యాయురాలు