తాళం సంగతి

ఒరే శంకరం,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మ కులాసా. నా మోకాలు ఎప్పటిలాగే. గొడుగు గురించి మాత్రం అడగకు, మూడోదీ అదే దారి పట్టింది. నవ్వింది చాలు, విను.

మొన్న తొమ్మిదో తరగతిలో, జనం ఇళ్ళు వదిలి ఎందుకు వెళ్ళాల్సి వస్తుందన్న పాఠం. బోర్డు మీద యుద్ధం, వరద, ఆనకట్ట అని రాసి, "పది నిమిషాల్లో ఇల్లు వదలాలి, ఏమేమి తీసుకెళ్తారో రాయండి" అన్నాను. అందరూ తలలు వంచారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మాస్టారూ, తలుపుకు తాళం వేయాలా, వద్దా?" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, బుద్ధి లేక. "వేస్తే ఏమిటి, వేయకపోతే ఏమిటి?" అన్నాను.

"తిరిగి వస్తామో రామో తెలియాలి కదండీ!"

నోట మాట రాలేదురా. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠం!

ఆ రాత్రి నిద్రే లేదు. అప్పటి సోవియట్ యూనియన్‌లో చెర్నోబిల్ అణు రియాక్టరు పేలిన మర్నాడు, 1986 ఏప్రిల్ 27న, పక్కనే ఉన్న ప్రిప్యాత్ ఊరిని ఖాళీ చేయించారు. తాత్కాలికమే అన్నారు. దీపాలు ఆర్పండి, కుళాయిలు కట్టేయండి, కిటికీలు మూయండి అన్నారు. సుమారు 49 వేల మంది మూడు రోజుల్లో వచ్చేస్తామనుకుని బస్సులెక్కారు. చుక్క కారకుండా కుళాయిని ఇంకో మెలిక బిగించిన చేతులే కళ్ళముందు ఆడాయి. 1948 యుద్ధంలో ఇళ్ళు వదిలిన పాలస్తీనా వాళ్ళలో చాలామంది తాళం చెవులు దాచుకున్నారు, అవి మనవల దాకా వచ్చాయి. మరి చైనాలో త్రీ గోర్జెస్ ఆనకట్ట కోసం కదిలించిన 12 లక్షలకు పైగా జనం? తాళం వేసి ఎవరికి అడ్డం, నీళ్ళకా?

నువ్వు అంటావే, ఎవరినీ ఎవరూ మెడపట్టి గెంటరు, మంచి బతుకు చూసుకుని పోతారని. పోయేవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దీవుల మనిషి ఒకాయన, సముద్రం పెరిగి మంచినీళ్ళు ఉప్పెక్కుతున్నాయి, నేల ఇరుకైపోతోంది, ఉండనివ్వండని న్యూజిలాండ్‌ను అడిగాడు. 2015లో వెనక్కి పంపేశారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి అనిపించుకోవాలంటే వేధింపు భయం ఉండాలి, ఆ వేధింపుకు కారణాలు ఐదే: జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం. సముద్రం ఎవరినీ వేధించదట! సరిహద్దు దాటకపోతే శరణార్థి అన్న పేరూ దక్కదు. 2024 చివరికి యుద్ధాలు, హింస, వేధింపుల వల్ల చెదిరిపోయిన 12.32 కోట్ల మందిలో 7.35 కోట్ల మంది సొంత దేశంలోనే ఉన్నారు. అంటే గడప దాటినా... సరే, ఇది నువ్వు వచ్చినప్పుడు తేల్చుకుందాం, కేకలు వేసుకుంటూ.

కాగితాలు దిద్దుతున్నాను. సగం మంది ఫోను, చార్జరు రాశారు. ఒకడు పిల్లి అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. ఆ పిల్ల కాగితం మాత్రం తెల్లగా ఉంది. దానికి ఎన్ని మార్కులు వేయాలో నువ్వే

గంట కొట్టేశారు. మళ్ళీ ఆ తొమ్మిదో తరగతే. ఉంటాను.

నీ
మూర్తి