వలల సీసం పిల్లల ఒంట్లోకి చేరుతోంది

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట ఆగిపోతుంది. విశాఖ పెదజాలారిపేటలో అది వలలు బాగుచేసుకునే కాలం. పిల్లలకు వేసవి సెలవులూ అప్పుడే. వల అంచుకు కట్టే సీసం గుళ్ళను కొన్ని ఇళ్ళలో తామే కరిగించి పోసుకుంటారు. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక కొలిమితో పని లేదు, వంట పొయ్యి చాలు. ఇక్కడ అంగన్‌వాడీ కార్యకర్తగా ఆ ఇళ్ళకు వెళుతుంటాను కాబట్టి రాస్తున్నాను.

పాత మూకుడులో సీసం ముక్కలు కరుగుతుంటే పైన బూడిదరంగు తెట్టు కడుతుంది. దాన్ని గరిటెతో తీసి గోడవారన పోస్తారు. అచ్చులో పోసిన సీసం చూస్తుండగానే గట్టిపడి మెరుస్తుంది. చల్లారీ చల్లారక ముందే పిల్లలు ఆ గుళ్ళను ఏరుకుంటారు, చంటివాళ్ళు నోట్లో పెట్టుకుంటారు. గోడవారన పోసిన తెట్టు ఎండి, పొడై, సముద్రపు గాలికి లేచి పడకల మీదా అన్నం గిన్నెల మీదా పడుతుంది. గుళ్ళకన్నా నాకు ఆ సీసపు పొడి అంటేనే భయం.

"నలభై ఏళ్ళుగా కరిగిస్తున్నాం, మాకేమైంది తల్లీ?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నోట్లోకి పోయిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువగా పడుతుంది, అలాంటి పిల్లలు మా కేంద్రంలో ఉన్నారు. ఒళ్ళు సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. మెదడుకు జరిగిన నష్టం మాత్రం మందులతో నయం కాదు. ఇంత వరకు ఫరవాలేదనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల మంది వరకు ఉంటారని 2020లో యునిసెఫ్ నివేదిక అంచనా వేసింది. వారిలో దాదాపు 27.5 కోట్ల మంది మన దేశంలోనే ఉన్నారు. కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు తప్ప పైకి ఏమీ కనిపించకపోవచ్చు. చదువు తలకెక్కడం లేదని దెబ్బలు తినే పిల్లల్లో ఎందరి రక్తంలో సీసం ఉందో ఎవరు చూశారు?

ఈ ఏడాది మా వీధి డ్వాక్రా సంఘం అక్కచెల్లెళ్ళే పూనుకున్నారు. సీసం కరిగించే మూకుడు వంటింట్లోకి రాకూడదన్నారు. పని ఇళ్ళకు దూరంగా ఇసుకలో, పిల్లలు దగ్గర లేనప్పుడే. తెట్టు మూత ఉన్న డబ్బాలోకి పోవాలి. మగవాళ్ళు చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఇల్లు ఊడ్చితే పొడి లేస్తుంది కనుక తడిగుడ్డతో తుడవాలి. వల కట్టేటప్పుడు గుళ్ళను పళ్ళతో నొక్కే అలవాటును మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. కొందరు ఇప్పటికీ ఇంట్లోనే కరిగిస్తున్నారు. వారిని తప్పుపట్టలేను, మే నెల ఎండలో ఇసుక మీద పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చోగలరు?

అందుకే విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), మత్స్యశాఖ కలిసి ఇళ్ళకు దూరంగా, గాలి ఆడే ఒక షెడ్డు వేయించాలి. పోగైన తెట్టును తీసుకెళ్ళే ఏర్పాటు కూడా చేయాలి, లేకపోతే మేము మూత పెట్టిన డబ్బాలు చివరికి ఏ చెత్తకుప్పలోనో తేలతాయి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూసే సమస్యల జాబితాలో సీసం ఊసే లేదు. కనీసం జాలరి పేటల్లో, సీసం ఉండే పాత బ్యాటరీలు విప్పే వీధుల్లో పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా చేయాలి.

మరొక్క మాట. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది. అంతకు ముందు రంగులు వేసిన తలుపులు, కిటికీలు పెచ్చులూడుతున్న అంగన్‌వాడీలను ముందుగా చూడండి. పిల్లలకు బొమ్మలు కొనేటప్పుడు, పక్క జిల్లాలోనే సహజ రంగులతో తయారయ్యే ఏటికొప్పాక లక్క బొమ్మలను ఎందుకు తెప్పించకూడదు?

షెడ్డు, పరీక్షలు రెండూ వచ్చే ఏప్రిల్ 15లోగా కావాలి. పడవలు ఒడ్డెక్కిన మర్నాటి నుంచే పొయ్యిలు వెలుగుతాయి.

– ఒక అంగన్‌వాడీ కార్యకర్త, పెదజాలారిపేట, విశాఖపట్నం